నీళ్ళు తాగే బకెట్లు, నేను చూడని ఆకులు

నాచారంలో మాది నాలుగంతస్తుల అపార్ట్‌మెంటు. మిద్దె మీద నీళ్ళ ట్యాంకుకూ బట్టలారేసే తీగలకూ నడుమ పదడుగుల పొడుగు, ఆరడుగుల వెడల్పు జాగా నాకు వదిలారు. అందులో మూడేళ్ళు కుండీలు పెట్టాను, మూడేళ్ళూ ఎండబెట్టాను. పొద్దున ఎనిమిదికి ఇల్లు వదిలితే మళ్ళీ చీకటి పడ్డాకే రావడం. ఏప్రిల్‌లో ఒక్కరోజు నీళ్ళు తప్పితే చాలు, సాయంత్రానికి టమాట మొక్క పిండి ఆరేసిన బట్టలా వేలాడేది. నీళ్ళు పోస్తే తెల్లారేసరికి లేచేది. అలా రెండు మూడుసార్లు పడి లేచిన మొక్కకు కాసిన కాయల అడుగున నల్లటి మచ్చ, రూపాయి బిళ్ళంత. తెగులేమో అనుకుని మందు కొనుక్కొచ్చి కొట్టాను కూడా. తీరా అది తెగులే కాదు. కాయకు కావాల్సిన సున్నం, అంటే కాల్షియం, నీళ్ళతోపాటే వేరు నుంచి పైకి రావాలి. తడి ఒకరోజు ఉండి ఒకరోజు లేకపోతే కాయ చివరిదాకా అది అందదు, అడుగు కుళ్ళుతుంది. మట్టిలో సున్నం ఎంతున్నా అంతే.

అందుకే తనంతట తాను నీళ్ళు తాగే బకెట్ సంగతి తెలిసిన రోజున ఇది నాలాంటి దానికోసమే పుట్టిందనిపించింది.

మా సందు చివర ఒక ఫంక్షన్ హాలుంది. పెళ్ళిళ్ళ సీజనులో క్యాటరింగ్ వాళ్ళకు పెరుగు పెద్ద పెద్ద తెల్ల బకెట్లలో వస్తుంది. పదిహేను కిలోలవి, ఖాళీవి, ఒక్కోటి నలభై రూపాయలకిచ్చారు. పన్నెండు తెచ్చుకున్నాను, అంటే ఆరు జతలు. పెయింటు బకెట్లయితే ఊరికే దొరికేవి, కానీ తినే కాయకు పెయింటు సావాసం ఎందుకని వద్దనుకున్నాను. రాణిగంజ్ వెళ్ళి పీవీసీ పైపు కొన్నాను. కడిగి ఆరబెట్టినా వారం రోజులు ఇల్లంతా పుల్లటి వాసనే.

ఉపాయం చిన్నదే. ఒక బకెట్లో ఇంకొకటి కూర్చోబెట్టాలి. కిందిది నీళ్ళకు, పైది మట్టికి. రెండింటి అడుగుల మధ్య నాలుగు వేళ్ళ ఎడం ఉండేలా కింద మూడు పైపు ముక్కలు నిలబెట్టాను. పై బకెట్ అడుగున నడిమధ్య గుండ్రంగా కోసి, ఒళ్ళంతా చిల్లులు పొడిచిన ప్లాస్టిక్ గ్లాసొకటి కిందికి వేలాడేలా దింపాను. ఆ గ్లాసులో మట్టి గట్టిగా కూరితే అది నీళ్ళలో మునిగి ఉంటుంది. దీపంలో వత్తి నూనె లాగినట్టు ఆ మట్టి నీళ్ళు పైకి లాగుతుంది. ఒక పక్క నుంచి పైపు అడుగుదాకా దించాలి, నీళ్ళు పోసేది దాంట్లోనే. పైపు కింది కొసను ఏటవాలుగా కోయాలి, లేకపోతే బకెట్ అడుగుకు ఆనుకుని నీళ్ళు దిగవు. నా మొదటి బకెట్ అలాగే మొరాయించింది. చివరిగా కింది బకెట్‌కు పక్కన, పై బకెట్ అడుగు కన్నా వేలెడు కిందుగా, ఒక చిల్లు. నీళ్ళు ఆ చిల్లును దాటి పైకి రావు, మిగిలిన వేలెడు జాగాలో గాలి ఆడుతుంది. ఈ చిల్లు పెట్టడం మరిచారో, జులైలో ఒక్క రాత్రి కొట్టే వానకే వేళ్ళు కుళ్ళిపోతాయి.

ఇంత తేలిగ్గా చెబుతున్నాను గానీ, మొదటిసారే కుదరలేదు. గ్లాసు ఆలోచన తర్వాత వచ్చింది. ముందు పాత నూలు చీర చింపి పీలికలు వత్తులుగా వేశాను. రెండు నెలలు బ్రహ్మాండంగా లాగాయి, ఆ తర్వాత కుళ్ళి ముద్దయ్యాయి. తీసి చూస్తే చేతిలో జారిపోయాయి. మట్టి సంగతీ అంతే. ఉప్పల్ నర్సరీ నుంచి తెచ్చిన ఎర్రమట్టి ఎక్కువ కలిపాను, కింది నుంచి తడి ఎక్కి ఎక్కి అది అడుసైపోయింది. ఇప్పుడు రెండు పాళ్ళు కొబ్బరిపొట్టు, ఒక పాలు వర్మీకంపోస్టు, ఒక పాలు ఎర్రమట్టి, బకెట్‌కు రెండు గుప్పిళ్ళ వేపపిండి. కొబ్బరిపొట్టు ఇటుకను నానబెట్టాక ఆ నీళ్ళు రెండుసార్లు పారబోసి మరీ వాడాలి, అందులో ఉప్పుంటుంది. తెల్ల బకెట్ కదా, వెలుతురు లోపలికి దూరి నీళ్ళన్నీ పచ్చగా పాచి పట్టాయి. బియ్యం గోనెసంచులు చుట్టి కట్టేశాక అది ఆగింది, ఎండకు బకెట్ వేడెక్కడమూ కాస్త తగ్గింది.

నీళ్ళెంత ఉన్నాయో తెలియడానికి చీపురుపుల్ల కొసకు థర్మోకోల్ ముక్క గుచ్చి పైపులో వేశాను. నీళ్ళు నిండితే పుల్ల తల బయటికి పెడుతుంది, అయిపోతే లోపలికి ముడుచుకుంటుంది. ఈ మొత్తం వ్యవహారంలో నేను సొంతంగా కనిపెట్టింది ఆ పుల్ల ఒక్కటే. దాన్ని చూసి మా అత్తమ్మ, "బకెట్ నాలిక సాపుతుందా బిడ్డా, దూపైతే?" అంది. అప్పటినుంచి మా ఇంట్లో వాటి పేరు నీళ్ళు తాగే బకెట్లే.

ఆగస్టులో ఒక సాయంత్రం పుల్ల తీసి చూస్తే దాని వెంట పైపులో సన్నటి పురుగులు గిలగిలా కొట్టుకుంటున్నాయి. దోమపిల్లలు. గుండె గుభేల్‌మంది. నిలవ నీళ్ళలో గుడ్డు పెట్టింది మొదలు వారం పది రోజుల్లో దోమ ఎగిరిపోతుంది, మా సందులో ఆ నెల అప్పటికే రెండిళ్ళలో డెంగీ. మలేరియా పరాన్నజీవిని రొనాల్డ్ రాస్ దోమ కడుపులో పట్టుకున్నది ఇక్కడే, మన సికింద్రాబాద్‌లోనే, 1897 ఆగస్టు 20న. ఆ ఊళ్ళో ఉంటూ ఆరు బకెట్లలో దోమల్ని పెంచానంటే నలుగురికి ముఖమెలా చూపిస్తాను? ఆ రాత్రే బకెట్లన్నీ వంచి నీళ్ళు కక్కించాను. పైపుల మీద సీసా మూతలు బిగించి, పుల్ల దూరేంత కన్నం మాత్రం ఉంచాను. పక్కచిల్లుకు లోపలి నుంచి నైలాన్ గుడ్డ అంటించాను. ఎవరు బకెట్ చేసినా ఈ రెండు పనులూ అయ్యాకే నీళ్ళు పోయండి.

సెప్టెంబరు చివర నారు పెట్టాను: రెండు టమాట, రెండు వంగ, ఒక మిరప, ఒక చిక్కుడు తీగ. ఇక అక్టోబరు నుంచి సంక్రాంతి దాకా నాకు నేనే మహారాణిని. చలికాలంలో ఒకసారి నింపితే నాలుగైదు రోజులు చూడక్కర్లేదు. ఒక్కో బకెట్ అడుగున మూడున్నర లీటర్లు పడతాయి. మొక్కలు నల్లగా నిగనిగలాడాయి. టమాట అడుగున మచ్చ మళ్ళీ కనబడలేదు. ఆఫీసులో అందరికీ చెప్పాను, ఇద్దరికి బకెట్లు కూడా కొనిచ్చాను.

ఆ సంబరంలో ఒక సంగతి నాకు తట్టలేదు. ఇంతకుముందు రోజూ పొద్దున చెంబు పట్టుకుని పైకెళ్ళేదాన్ని. తిట్టుకుంటూనే వెళ్ళేదాన్ని, కానీ వెళ్ళేదాన్ని. ఇప్పుడు వారానికి రెండుసార్లు, అదీ పుల్ల చూడటానికి. పుల్ల పైకి ఉంటే దిగిపోవడమే.

సంక్రాంతికి నకిరేకల్ దగ్గర మా అత్తగారి ఊరెళ్ళి పది రోజులున్నాం. నీళ్ళ బాధ్యత మా వాచ్‌మన్ భార్య లక్ష్మమ్మకు అప్పజెప్పాను. తిరిగొచ్చిన సాయంత్రం లగేజీ కూడా విప్పకుండా పైకెళ్ళాను. బకెట్లన్నింట్లో పుల్లలు నిటారుగా ఉన్నాయి. వాటి పక్కన చిక్కుడు తీగ లేత కొసలన్నీ నల్లగా, తారు పూసినట్టున్నాయి. దగ్గరికెళ్ళి చూస్తే తారు కదులుతోంది. పేనుబంక. పట్టుకుంటే వేళ్ళు అతుక్కున్నాయి. రసం పీల్చి తీయటి జిగురు వదులుతాయి, అందుకే ఆ పేరు. ఆ జిగురు పడ్డ కింది ఆకుల మీద మసి. ఆ మసి మీద చీమలు బారులు కట్టి నడుస్తున్నాయి. వంగ మొక్కల్లో నాలుగు కొసలు తలలు వేలాడేశాయి. టమాటను ఊపితే తెల్లదోమ, ఆకు రసం పీల్చే బుల్లి తెల్ల పురుగు, పొగలా లేచి మళ్ళీ అక్కడే వాలింది. మూడు ఆకులు గిన్నెల్లా ముడుచుకున్నాయి.

లక్ష్మమ్మను పిలిచాను. ఆమె హడలిపోయింది. "నేను రోజిడిచి రోజు పోసిన మేడం, ఒక్కనాడు గూడ తప్పలే. పుల్ల పైకొచ్చేదాంక పోసిన." నిజమే. నేను చూడమన్నది పుల్లనే, ఆమె చూసింది పుల్లనే. ఆమెనేమనాలి?

పేనుబంకకు మగతోడు అక్కర్లేదట, గుడ్డు పెట్టే ఓపికా అక్కర్లేదు. ఆడది నేరుగా పిల్లల్ని కంటుంది, వారం పది రోజులకు ఆ పిల్లలూ కనడం మొదలుపెడతాయి. మా పండగ సెలవులకు సరిగ్గా సరిపోయిన లెక్క. పైగా తిండి నేనే పెట్టాను. ఎప్పుడూ తడి, దాని మీద ధారాళంగా వర్మీకంపోస్టు, ప్రతి పదిహేను రోజులకూ వేరుశనగ చెక్క నానేసిన నీళ్ళు. కొసలన్నీ లేతగా, రసం నిండి ఉన్నాయి. నేను మురిసిపోయిన ఆ నిగనిగే వాటికి విందు.

అత్తమ్మకు ఫోన్ చేస్తే, "బూడిద జల్లు, తెల్లారంగ మంచు మీద," అంది. పొయ్యిలేని ఇంట్లో బూడిదెక్కడిది? ఆ కోపంలో చేసిన తప్పు ఏమిటంటే, ఆదివారం మిట్టమధ్యాహ్నం లీటరు నీళ్ళకు పది మిల్లీలీటర్ల వేపనూనె కలిపి కొట్టాను. నూనె నీళ్ళలో కలవనే లేదు, పైన తేలి బొట్లుబొట్లుగా ఆకుల మీద పడింది. మర్నాటికి టమాట ఆకులు అంచుల వెంబడి కాలిపోయాయి. తెల్లదోమకు చీమకుట్టినట్టైనా లేదు.

తర్వాత నేర్చుకున్నది: లీటరుకు ఐదు మిల్లీలీటర్లు చాలు. ముందు నూనెను చిక్కటి కుంకుడు రసంలో వేసి పాలలా తెల్లబడేదాకా గిలకొట్టి, ఆ తర్వాత కొద్దికొద్దిగా నీళ్ళు పోయాలి. పొద్దుగూకాక కొట్టాలి. ఆకు పైన కొట్టి లాభం లేదు. తెల్లదోమ గుడ్లూ పిల్లలూ ఉండేది ఆకు అడుగున, కదలకుండా, పొట్టు అంటుకున్నట్టు. పెద్దవి ఎగిరిపోతాయి, వాటికి అట్టముక్కకు పసుపు పెయింటు వేసి ఆముదం పూసి వేలాడదీశాను. మూడో రోజుకు అట్ట నువ్వులద్దినట్టయింది. వారానికొకసారి చొప్పున నాలుగు వారాలు కొడితే గానీ తగ్గలేదు. ముడుచుకున్న టమాట మొక్కను మాత్రం పీకేశాను. అది తెల్లదోమ మోసుకొచ్చే వైరస్, దానికి మందు లేదు. ఉంచితే పక్కదానికి అంటుతుంది. కాయలు కోసుకుని, మొక్కను కవర్లో కట్టి చెత్తబండిలో వేశాను. ఆ కవరు ముడి వేస్తుంటే మాత్రం కొంచెం ఏడుపొచ్చింది. మిరపలో ముడత వస్తే అన్నీ ఒకటే అనుకోవద్దు: ఆకు అంచులు పైకి ముడిస్తే తామరపురుగులు, కిందికి ముడిస్తే మొక్కల నల్లి. నాది పై ముడత, వేపనూనెకు లొంగింది.

వంగది వేరే కథ. వేలాడిన కొసను అంగుళం కిందికి గిల్లి చీల్చితే లోపల లేత గులాబీ రంగు పురుగు, బియ్యపుగింజ కన్నా కాస్త పొడుగు. మొవ్వులో దూరి కూర్చున్నదానికి పైన ఏం కొట్టినా తగలదు. గిల్లి సబ్బు నీళ్ళలో వేయడమే మందు. కాయలు పట్టే టైముకు అదే జాతి పురుగు కాయలో దూరుతుంది, మనం గుత్తివంకాయకని నాలుగు పక్షాలుగా కోసినప్పుడు ఎదురయ్యేది అదే.

చిక్కుడుకు నీళ్ళ పైపు పట్టుకుని, కొసను అరచేతిలో పెట్టుకుని వేళ్ళతో కడిగాను. అంతే. రోజు విడిచి రోజు, వారం రోజులు. కడిగిన మర్నాడు మళ్ళీ ఓ పాతిక కనిపించేవి, చీమలు తిరుగుతూనే ఉండేవి. బకెట్‌లో పైమట్టి ఎప్పుడూ పొడిగా ఉంటుంది కదా, చీమలు అక్కడే పుట్ట పెట్టాయి. జిగురు కోసం పేనును ఆవుల్లా మేపుతాయి, తినడానికొచ్చే పురుగుల్ని తరిమేస్తాయి. బకెట్ల కింది ఇటుకలకు గ్రీజు పట్టీ పూసి, గోడకు తగిలే తీగల్ని కత్తిరించి, పైమట్టి కలబెట్టాక చీమల రాకపోక తెగింది. ఆ తర్వాతే పేనును తినే అక్షింతల పురుగులు దిగాయి.

ఇక్కడ నేను చేసిన ఘనకార్యం ఒకటుంది. చిక్కుడు ఆకుల మీద నల్లగా, మీద నారింజ చుక్కలతో, బుల్లి మొసలిపిల్లల్లాంటి పురుగులు కనిపిస్తే ఏరి ఏరి చంపాను, దాదాపు ఇరవై. అవి అక్షింతల పురుగు పిల్లలే, పెద్దవాటి కన్నా ఆబగా పేనును తినేవి. దీనికి విరుగుడుగా నెల తర్వాత ఇంకో తప్పు చేశాను: వంగ ఆకు మీద అక్షింతల పురుగు కనిపిస్తే చుట్టం వచ్చిందని వదిలేశాను. నాలుగు రోజుల్లో ఆకు జల్లెడయింది. మన భాషలో రెండింటికీ ఒకటే పేరు. వంగ మీదది మెరుపు లేకుండా రాగి రంగులో ఉంటుంది, వీపున ఇరవై ఎనిమిది చుక్కలు, పిల్లలు పసుపుపచ్చగా ఒళ్ళంతా ముళ్ళు. అది ఆకు తింటుంది. మెరిసే ఎర్రది పేనును తింటుంది. ఇప్పుడు ఏది కనిపించినా కళ్ళజోడు పెట్టుకునే తీర్పు చెబుతాను.

జూన్‌లో కొత్త వంగనారు పెట్టినప్పుడు మొదటి రోజే వల వేశాను. నాలుగు సన్న వెదురు బద్దలు బకెట్ అంచుకు కట్టి, దోమతెర గుడ్డతో గౌనులా కుట్టి తొడిగి, కింద నాడాతో బిగించాను. వంగ పురుగు తల్లి సీతాకోకచిలుక లాంటి రెక్కల పురుగు, దాన్ని మామూలు దోమతెరే ఆపుతుంది. టమాటకు అది పనికిరాదు; మిల్లీమీటరు పొడుగుండే తెల్లదోమ దర్జాగా దూరుతుంది. దానికి అంగుళానికి నలభై పోగులుండే సన్న వల కావాలి, నలభై మెష్ అని అడిగితే ఇస్తారు. అత్తమ్మ చూసి, "మనుషులకు లేదు గానీ వంకాయలకు దోమతెరనా!" అని నవ్వింది. వంగ, టమాట పూలకు తేనెటీగ రాకపోయినా పరవాలేదు, పొద్దున కాడను రెండుసార్లు వేలితో తడితే కాయ నిలుస్తుంది. బీర, కాకర అలా కాదు, వలలో పెడితే పుప్పొడి మనమే అద్దాలి. అందుకని ఆ జోలికి పోలేదు.

ఒక టమాటకు మాత్రం వల ఆలస్యంగా వేశాను, ఆకు అడుగు చూడకుండా. లోపల అప్పటికే నాలుగు తెల్లదోమలున్నట్టున్నాయి. తెల్లదోమను తినేవాళ్ళను బయట ఉంచి, దానికి మాత్రం లోపల కాపురం పెట్టించినట్టయింది. మూడు వారాలకు వల తీస్తే ముఖం మీదికి లేచాయి.

ఎండాకాలం గురించి గొప్పలు చెప్పను. మేలో ఎండ నలభై దాటాక టమాట పూత మొత్తం రాలింది. మూడున్నర లీటర్లు ఒకటిన్నర రోజుకే అయిపోయాయి. మాది బోరు నీళ్ళు, పైమట్టి మీద తెల్లగా ఉప్పు పేరింది; నెలకోసారి పై నుంచి బకెట్ నీళ్ళు పోసి పక్కచిల్లులోంచి పోయేదాకా కడగాల్సి వచ్చింది. వంగ ఒక్కటి పచ్చ నీడవల కింద బతికింది.

ఈసారి దసరాకు ఊరెళ్ళేముందు లక్ష్మమ్మను పైకి తీసుకెళ్ళాను. పుల్ల సంగతి ఆమెకు తెలుసు. ఆకు తిరగేసి చూపించాను, వేలాడిన కొస ఎలా ఉంటుందో చెప్పాను, గౌను నాడా విప్పి కట్టడం నేర్పించాను. మొసలిపిల్లల ఫొటో ఆమె ఫోన్‌కు పంపి, "ఇవి కనిపిస్తే ముట్టుకోకు లక్ష్మమ్మా," అన్నాను. ఐదో రోజు ఫోన్ చేసింది.

"మేడం, రెండో బకెట్ల వంగ ఒక్క కొస తలకాయ ఏలేసింది. గౌనుకు కింద చిన్న సందుండె. గిల్లిన. లోపల పురుగుండె, సబ్బు నీళ్ళల్ల ఏసిన. సందు పిన్నీసు పెట్టి మూసిన. అన్ని ఆకులు తిప్పి చూసిన, ఇంకేం లేవు."

నాకు నోట మాట రాలేదు. "నీళ్ళున్నాయా?" అని అడిగాను.

అటునుంచి కాసేపు చప్పుడు లేదు. "అయ్యో మేడం, ఆకులు చూసుడుల పడి పోసుడు మరిచిన. ఇప్పుడే పోతున్న."